కంప్యూటర్‌ని ఇంటిల్లిపాదికీ విప్పి చెప్పిన మనిషి.. బందరు, గుడివాడ, దివిసీమకి ఆ మాట చెప్పేదెవరు?

అమెరికా పబ్లిక్ టెలివిజన్‌లో దాదాపు 20 ఏళ్లపాటు వారం వారం కంప్యూటర్ గురించి మాట్లాడిన స్టీవర్ట్ చీఫెట్ 2025 డిసెంబర్ 28న కన్నుమూశారు. వయసు 87 ఏళ్లు. మన వైపు ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువే. తెలిసినా ఎవరో కంప్యూటర్ ఇంజనీర్లో, పాత కార్యక్రమాలు వెతికి చూసే కుర్రాళ్లో అయివుంటారు. అయినా ఈ వార్తని బందరులోనో, గుడివాడలోనో, అవనిగడ్డలోనో ఒక మామూలు ముస్లిం కుటుంబం ఎందుకు చదవాలి అంటే, కారణం ఉంది. ఆయన చేసిన పని మన దగ్గర ఇవాళ అత్యవసరంగా కావాలి. చేసేవాళ్లు మాత్రం సరిగ్గా దొరకడం లేదు.

ఆయన పోయిన పది రోజుల్లోపే ఇంకో వార్త వచ్చింది. అమెరికాలో పబ్లిక్ టీవీకి, రేడియోకి ప్రభుత్వ డబ్బు చేర్చే సంస్థ, కార్పొరేషన్ ఫర్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్, తనని తానే రద్దు చేసుకుంటున్నట్టు ప్రకటించింది. 1967లో చట్టం ద్వారా పుట్టిన సంస్థ అది. 2025 జులైలో అక్కడి కాంగ్రెస్ దానికి ఇవ్వాల్సిన 110 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకుంది. ఆగస్టు 1న సంస్థ తలుపులు మూసే పని మొదలుపెట్టింది. అంటే పబ్లిక్ టీవీలో ఎదిగిన ఒక మనిషి, ఆ పబ్లిక్ టీవీకి ఊతమైన సంస్థ, ఇద్దరూ ఒకే చలికాలంలో వెళ్లిపోయారు. ఈ రెండు వార్తలు కలిపి చూస్తే తప్ప అసలు సంగతి అర్థం కాదు.

ఎవరీ చీఫెట్?

చీఫెట్ కంప్యూటర్ ఇంజనీర్ కాదు. చదివింది గణితం, మనస్తత్వ శాస్త్రం. ఆ తర్వాత హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం. కానీ నల్లకోటు వదిలేసి టీవీ వార్తల్లోకి వచ్చారు. కొంతకాలం పారిస్‌లో సీబీఎస్ న్యూస్‌కి పనిచేశారు. తర్వాత కాలిఫోర్నియాలో కేసీఎస్ఎం అనే చిన్న టీవీ స్టేషన్ బాధ్యతలు చూశారు. ఆ స్టేషన్ పెద్ద నెట్‌వర్క్ ఏమీ కాదు. శాన్ మటేయో అనే ఊళ్లో ఉన్న ఒక ప్రభుత్వ కాలేజీది.

1981లో ఆ స్టేషన్ నుంచే 'కంప్యూటర్ క్రానికల్స్' అనే అరగంట కార్యక్రమం స్థానికంగా మొదలైంది. తొలి రోజుల్లో దాన్ని నడిపింది జిమ్ వారెన్. వెస్ట్ కోస్ట్ కంప్యూటర్ ఫెయిర్ అనే పెద్ద ప్రదర్శనని స్థాపించినాయన. 1983లో కార్యక్రమం పీబీఎస్ ద్వారా దేశమంతా వెళ్లేసరికి ముందు కుర్చీలో చీఫెట్ ఉన్నారు. 2002 వరకు ఆ కుర్చీ ఆయనదే. ఇంటర్నెట్ ఇళ్లలోకి వస్తున్న రోజుల్లో, 1996లో, 'నెట్ కేఫ్' అని ఇంకో కార్యక్రమం కూడా మొదలుపెట్టారు.

ఆయన పక్కన కూర్చున్న మనిషి గురించి కూడా చెప్పుకోవాలి. గ్యారీ కిల్డాల్. సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాసినాయన. 1980లో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్ కోసం ముందు ఆయన కంపెనీ తలుపే తట్టింది. బేరం కుదరలేదు. ఆ అవకాశం మైక్రోసాఫ్ట్‌కి వెళ్లింది, ఆ తర్వాత కథ అందరికీ తెలిసిందే. అలాంటి మనిషి 1983 నుంచి 1990 దాకా ఈ కార్యక్రమంలో సహ వ్యాఖ్యాతగా కూర్చుని, పోటీ కంపెనీల వాళ్లు తెచ్చిన సరుకుని కూడా ఓపిగ్గా పరీక్షించి, మర్యాదగా ప్రశ్నలు అడిగారు. ఆయన 1994లో చనిపోయారు. చీఫెట్ ఆయన మీద ఒక ప్రత్యేక కార్యక్రమమే చేశారు. గెలిచినవాళ్ల చరిత్రే మిగిలే చోట, వెనకబడ్డ ఒకరి పనిని దేశానికి గుర్తుచేసిన కార్యక్రమం అది.

ఆయన పద్ధతి ఏంటి?

పద్ధతి చాలా సాదాసీదా. ఒక టేబుల్, దాని మీద యంత్రం, ఎదురుగా దాన్ని తయారు చేసినవాళ్లు. "ఇది ఏం చేస్తుంది? చేసి చూపించండి. ఎంత ఖరీదు? ఇప్పుడే కొనాలా, ఆగాలా?" ఇంట్లో కూర్చున్న మనిషి అడగాలనుకున్నదే ఆయన అడిగేవారు. వచ్చినవాళ్లు బడాయి మాటలు మొదలుపెడితే వాళ్లని మళ్లీ టేబుల్ మీదకి, తెర మీదకి తీసుకొచ్చేవారు. తనకి తెలిసిందంతా చూపించుకోవాలనే తాపత్రయం ఆయనలో కనిపించదు. చూసేవాడికి అర్థమైందా లేదా అన్నదే లెక్క.

వర్డ్ ప్రాసెసర్, స్ప్రెడ్‌షీట్, ప్రింటర్, మోడెమ్, వైరస్, ఇంటర్నెట్.. ఒక్కొక్కటీ జనం చేతికి వచ్చే ముందో, వస్తుండగానో ఆ కార్యక్రమంలో విడమరిచి చెప్పారు. ఇవాళ అందరి నోళ్లలో నానుతున్న కృత్రిమ మేధ మీద కూడా 1984లోనే ఒక ఎపిసోడ్ చేశారు. ఆ రంగానికి ఆ పేరు పెట్టిన జాన్ మెకార్తీనే పిలిచి కూర్చోబెట్టారు. 40 ఏళ్ల కిందట అడిగిన ప్రశ్నల్లో చాలా భాగం ఇప్పుడు చాట్‌జీపీటీ గురించి అడుగుతున్నవే.

అలాగని ఆయన్ని ఆకాశానికి ఎత్తాల్సిన పనిలేదు. ఆ కార్యక్రమానికి డబ్బు ఊరికే రాలేదు. కంప్యూటర్ రంగం కంపెనీలు, ఆ రంగం పత్రికలు కూడా స్పాన్సర్లుగా ఉండేవి. కంపెనీల మీద కోర్టులో లాయర్ విసిరినట్టు ప్రశ్నలు విసిరే కార్యక్రమం కాదది. కానీ రెండు తేడాలు ఉన్నాయి. ఒకటి, డబ్బు ఎవరిదో కార్యక్రమంలోనే పేరు చెప్పి చూపించేవాళ్లు. రెండు, ఒకే టేబుల్ మీదకి పోటీ కంపెనీలు రెండూ వచ్చేవి. ఇవాళ ఫోన్‌లో "ఈ యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి, లింక్ కింద ఉంది" అని చెప్పే వీడియోకి, దానికి ఉన్న తేడా ఇదే.

ఆఖరి పని కూడా గుర్తుంచుకోదగ్గది. టీవీ వదిలాక ఆయన నెవాడా విశ్వవిద్యాలయంలో జర్నలిజం పాఠాలు చెప్పారు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌తో కలిసి పనిచేశారు. తన కార్యక్రమం ఎపిసోడ్‌లు వందల కొద్దీ అక్కడ ఉచితంగా పెట్టించారు. ఇవాళ నాగాయలంకలో ఉన్న కుర్రాడు కూడా డబ్బు కట్టకుండా 1985 నాటి ఎపిసోడ్ చూడొచ్చు. జనం కోసం చేసింది జనం దగ్గరే ఉంది.

1981.. ఇటు ఉర్దూకీ ఒక మలుపే

ఇక్కడ మన పాఠకులకి దగ్గరగా ఉండే ఒక సంగతి. కంప్యూటర్ క్రానికల్స్ మొదలైన అదే 1981లో ఉర్దూ అక్షరం కూడా కంప్యూటర్ ఎక్కింది. మీర్జా అహ్మద్ జమీల్, మోనోటైప్ కంపెనీతో కలిసి 'నూరీ నస్తాలీక్' తయారు చేశారు. అప్పటిదాకా ఉర్దూ పేపర్ అంటే కాతిబ్‌లు కలంతో రాయాల్సిందే. ఒక్కో పేజీకి గంటల పని. ఆ ఏడాదే లాహోర్‌లో జంగ్ పత్రిక ఆ అక్షరాలతో అచ్చవడం మొదలైంది. 1994లో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చాక ఉర్దూ పత్రికల్లో ఎక్కువ భాగం కంప్యూటర్‌కి మారిపోయాయి. చెన్నైలో 1927లో మొదలైన 'ది ముసల్మాన్' లాంటిది చేతిరాతని పట్టుకుని ఉండటం వింతగా చెప్పుకునే స్థాయికి వచ్చింది.

తెలుగు లిపి 1991లో యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే చేరింది. కానీ కోడ్‌లో చోటు దొరకడం వేరు, ఇంట్లో అమ్మకి అది అర్థమవడం వేరు. అక్షరాలు కంప్యూటర్‌లోకి వెళ్లాయి. కంప్యూటర్ సంగతి మాత్రం మన అక్షరాల్లోకి, మన మాటల్లోకి సరిగ్గా రాలేదు. ఇదే ఈ కథలో అసలు లోటు.

చివరి ఊరిదాకా మాట చేరడం అంటే..

దివిసీమ వాళ్లకి ఈ మాట కొత్తగా చెప్పనక్కర్లేదు. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చింది. వేలమంది పోయారు. ఊళ్లకి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం మొదలైంది కూడా 1977లోనే. అంటే టెలివిజన్ అప్పుడే రాష్ట్ర రాజధానిలో కళ్లు తెరుస్తోంది, సముద్రం ఒడ్డున ఉన్న పల్లెకి దానితో సంబంధమే లేదు. ఎక్కడో ఒక ఆఫీసులో హెచ్చరిక పుట్టడం ఒక ఎత్తు. అది కోడూరు మండలంలో చివరి గుడిసెకి, వాళ్ల మాటలో, వాళ్లు నమ్మే గొంతుతో చేరడం ఇంకో ఎత్తు.

ఇప్పుడు ఆ రంగంలో పరిస్థితి చాలా మారింది. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. అంతకు ముందే ఫోన్లకి హెచ్చరికలు వచ్చాయి, పల్లపు ప్రాంతాల వాళ్లని ముందే తరలించారు. తుపాను మాట చివరి ఊరికి చేర్చడం దశాబ్దాల అనుభవంతో నేర్చుకున్నాం. పంట మాట చేర్చడం కూడా నేర్చుకున్నాం. 1967లో 'కృషి దర్శన్'తో మొదలుపెట్టి దూరదర్శన్, ఆకాశవాణి రైతుకి విత్తనం, పురుగు, మందు గురించి వాళ్ల భాషలో చెప్పాయి. వరి పొలంలో దోమపోటు ఎలా ఉంటుందో చదువురాని రైతు కూడా చెప్పగలడంటే అందులో ఆ కార్యక్రమాల పాలు ఉంది.

కంప్యూటర్‌కి, ఫోన్‌కి మాత్రం ఆ స్థానం కుదరలేదు. ప్రయత్నాలు జరగలేదని కాదు. 1984లో యూజీసీ 'కంట్రీవైడ్ క్లాస్‌రూమ్' వచ్చింది. అదే కాలంలో బీబీసీ మైక్రో కంప్యూటర్లతో కొన్ని స్కూళ్లలో 'క్లాస్' అనే ప్రాజెక్టు పెట్టారు. బ్రిటన్‌లో ఆ యంత్రం ఒంటరిగా రాలేదు. 1982లో బీబీసీ టీవీ కార్యక్రమంతో కలిసి వచ్చింది, ఇంట్లో చూసి స్కూల్లో నేర్చుకునేలా. మన దగ్గర యంత్రం వచ్చింది, దాని వెనక ఇంటింటికీ చెప్పే కార్యక్రమం రాలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 'మన టీవీ' వచ్చింది, తెలంగాణలో 2017 నుంచి టీ-శాట్ ఉంది. 2017 డిసెంబర్‌లో ఏపీ ఫైబర్‌నెట్ నెలకి 149 రూపాయల ప్యాకేజీతో మొదలైంది. వీటిలో ఎక్కువ భాగం పరీక్షలు రాసే పిల్లల కోసమే. పిల్లల్ని చదివించే అమ్మీ, అబ్బాల కోసం కాదు.

ఈ లోటు ఎవరి జేబుకి చిల్లు?

మాట చెప్పేవాళ్లు లేనిచోట మధ్యవర్తి పుడతాడు. బందరు కోనేరు సెంటర్ చుట్టుపక్కలైనా, గుడివాడలోనైనా, చల్లపల్లిలోనైనా నెట్ సెంటర్ అబ్బాయి లేకుండా పని జరగని ఇళ్లు ఎన్నో ఉన్నాయి. స్కాలర్‌షిప్ కావాలన్నా, ఆధార్ మార్పు కావాలన్నా, హజ్ దరఖాస్తు పెట్టాలన్నా ఆయనే. తప్పుపట్టాల్సిన పనిలేదు, ఆయన కూడా నాలుగు రూపాయలు సంపాదించుకుని బతికేవాడే. చాలామంది నమ్మకంగానే చేస్తారు. కానీ లెక్క చూడండి. దరఖాస్తుకి 100 రూపాయలు, ప్రింట్‌కి 10, మళ్లీ తప్పు దిద్దడానికి ఇంకో 50. ఏడాదికి ఇద్దరు పిల్లలకి, ఒక పెద్దాయనకి ఇలా ఖర్చుపెడితే ఎంతవుతుందో ప్రతి ఇల్లాలికీ తెలుసు.

డబ్బు కంటే పెద్ద విషయం ఇంకోటి ఉంది. ఓటీపీ ఆయనకే చెబుతాం. పాస్‌వర్డ్ ఆయన నోట్‌బుక్‌లోనే ఉంటుంది. ఇచ్చే మొబైల్ నంబర్ కూడా ఒక్కోసారి ఆయనదే. సిమ్ మారినా, షాపు మూసేసినా పిల్లవాడి స్కాలర్‌షిప్ అకౌంట్ తెరుచుకోదు. ఇక ఇంట్లో ఆడవాళ్ల ఫోన్ సంగతి. ఫొటోలు, బంధువుల నంబర్లు, మెసేజ్‌లు అన్నీ ఉన్న ఫోన్‌ని ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతిలో పెట్టి, "బాబూ, ఇది కొంచెం చూడు" అని నిలబడాల్సి వస్తోంది. పర్దా గురించి అంత జాగ్రత్తగా ఉండే ఇళ్లలో ఈ సంగతి ఎవరూ మాట్లాడరు. ఎందుకంటే దారి ఇంకోటి తెలియదు కాబట్టి.

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లోనే 161 సేవలు మొదలుపెట్టింది. మంచి ఆలోచన. ఆఫీసుల చుట్టూ తిరిగే పని తగ్గుతుంది. కానీ వాట్సాప్‌లో వచ్చిన ఏ మెసేజ్ ప్రభుత్వానిది, ఏది దొంగలది అని తేల్చుకోవడం ముందు తెలియాలి. సేవ ఫోన్‌లోకి వచ్చిన రోజునే మోసం కూడా అదే ఫోన్‌లోకి వచ్చి కూర్చుంది. 2024 అక్టోబర్‌లో ప్రధాని తన రేడియో కార్యక్రమంలో 'డిజిటల్ అరెస్ట్' అనేదే చట్టంలో లేదని, భయపడి డబ్బు పంపొద్దని విడమరిచి చెప్పారు. రాజకీయంగా ఎవరి అభిప్రాయం వారిది. ఆకాశవాణి మీద ఒక్కసారి సూటిగా చెప్పిన మాటకి ఎంత విలువ ఉంటుందో ఆ రోజు తెలిసింది. 1930 అనే సైబర్ హెల్ప్‌లైన్ నంబర్ చాలామంది విన్నది కూడా అలాంటి ప్రచారాల్లోనే. అదే మాట వారం వారం చెబితే?

ఉమీద్ పోర్టల్ నేర్పిన పాఠం

ఈ లోటు సమాజానికి ఎంత ఖరీదైనదో ఈమధ్యే తెలిసొచ్చింది. వక్ఫ్ సవరణ చట్టం 2025 ఏప్రిల్ 8న అమల్లోకి వచ్చింది. జూన్ 6న కేంద్రం ఉమీద్ పోర్టల్ తెరిచింది. ఉన్న ప్రతి వక్ఫ్ ఆస్తి వివరాలూ ఆరు నెలల్లో అందులో ఎక్కించాలన్నారు. చట్టం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ, అది కోర్టులో ఉంది. సుప్రీంకోర్టు సెప్టెంబర్ 15న కొన్ని సెక్షన్లు ఆపింది, నమోదు చేయాలన్న నిబంధనని మాత్రం ఆపలేదు. డిసెంబర్ 1న గడువు పెంచడానికీ ఒప్పుకోలేదు, కావాలంటే ట్రిబ్యునల్‌కి వెళ్లమంది.

పోర్టల్‌లో పని మూడు మెట్లు. ముతవల్లీ వివరాలు ఎక్కించాలి, ఆయన 'మేకర్'. వక్ఫ్ బోర్డు సిబ్బంది సరిచూడాలి, వాళ్లు 'చెకర్'. ప్రభుత్వం నియమించిన అధికారి ఆమోదించాలి, ఆయన 'అప్రూవర్'. బ్యాంకుల్లో చెక్కు పాస్ చేసేటప్పుడు వాడే పద్ధతే ఇది. బ్యాంకు ఉద్యోగికి కొట్టినపిండి. కానీ పల్లెటూరి మస్జిద్ ముతవల్లీకి, అజాన్ ఇచ్చే మౌజన్ సాబ్‌కి ఆ మాటే కొత్త. పాత ఉర్దూ దస్తావేజు స్కాన్ చేయాలి, ఫైలు సైజు తగ్గించాలి, సర్వే నంబర్ సరిగ్గా కొట్టాలి, ఓటీపీ వచ్చేలోగా పేజీ మూసుకుపోకూడదు. ఇదంతా ఎవరు నేర్పారు?

గడువు ముగిసేసరికి వచ్చిన లెక్క ఇది. పోర్టల్‌లో మొదలుపెట్టిన ఆస్తులు 5,17,040. ఆమోదం దాకా వెళ్లినవి 2,16,905. ముతవల్లీలు సమర్పించాక ఎదురుచూస్తున్నవి 2,13,941. తిరస్కరించినవి 10,869. ఈ మూడూ కూడితే 4,41,715. అంటే 75 వేలకి పైగా ఆస్తులు మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయినవే. ఇంకా ముందుకెళితే, పాత వంసీ పోర్టల్‌లో దేశం మొత్తం మీద దాదాపు 8.72 లక్షల ఆస్తులు ఉన్నాయి. ఆ లెక్కన 3.5 లక్షల ఆస్తులకి మొదటి అక్షరం కూడా పడలేదు.

దీనంతటికీ కంప్యూటర్ రాకపోవడమే కారణం అంటే అది అన్యాయం. పత్రాలు లేనివి ఉన్నాయి, తగాదాల్లో ఉన్నవి ఉన్నాయి, చట్టం మీద అభ్యంతరంతో ఆగినవాళ్లూ ఉన్నారు, గడువు దగ్గరపడ్డాక పోర్టల్ నెమ్మదించిందన్న ఫిర్యాదులూ వచ్చాయి. కానీ మధ్యలో ఆగిన ఆ 75 వేల గురించి ఆలోచించండి. వాళ్లు చేద్దామనే కూర్చున్నారు. కూర్చుని ఆగిపోయారు. తాతలు దీన్ కోసం, పేదల కోసం రాసిచ్చిన స్థలం ఇవాళ ఒక అప్‌లోడ్ బటన్ దగ్గర నిలబడి ఉంది. మూడు నెలలపాటు జరిమానా, కఠిన చర్యలు ఉండవని కేంద్ర మంత్రి చెప్పారు. ఆ మూడు నెలల వెసులుబాటు 2026 మార్చి మొదటిదాకానే.

"యూట్యూబ్ ఉంది కదా?"

ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారు. నిజమే, యూట్యూబ్‌లో తెలుగులో దొరకనిది లేదు. నిజాయితీగా చెప్పేవాళ్లూ ఉన్నారు. దానికి ముందు కూడా నల్లమోతు శ్రీధర్ 'కంప్యూటర్ ఎరా' పత్రిక ద్వారా ఎంతోమంది తెలుగువాళ్లకి కంప్యూటర్ అర్థమయ్యేలా చెప్పారు. చీఫెట్ టీవీలో చేసిన పనికి తెలుగులో దగ్గరగా వచ్చిన ప్రయత్నాల్లో అది ఒకటి. అది ఒక వ్యక్తి పట్టుదల మీద నడిచింది, ప్రజల డబ్బుతో నడిచే సంస్థ మీద కాదు.

యూట్యూబ్‌తో చిక్కు ఎక్కడంటే, ఏం అడగాలో తెలిసినవాడికే అది జవాబు చెబుతుంది. 'ఉమీద్ పోర్టల్ మేకర్ రిజిస్ట్రేషన్' అని కొట్టగలిగినవాడికి వీడియో దొరుకుతుంది. ఆ మాటే తెలియని పెద్దాయనకి దొరకదు. పబ్లిక్ టీవీ అలా కాదు. వార్తల కోసమో, పాటల కోసమో పెట్టిన టీవీలో ఎదురుగా వచ్చి కూర్చుంటుంది. అడగనిది కూడా చెబుతుంది. పైగా తప్పు చెబితే ఫలానా ఆఫీసు, ఫలానా అధికారి అని అడగొచ్చు. వ్యూస్ కోసం "వెంటనే చూడండి, లేకపోతే మీ అకౌంట్ ఖాళీ" అని థంబ్‌నెయిల్ పెట్టే వీడియోని ఎవర్ని అడుగుతాం?

అమెరికాలో ఇప్పుడు జరుగుతున్నది కూడా ఈ మార్పే. డబ్బు ఆగితే ముందు కష్టం వచ్చేది పెద్ద నగరాల స్టేషన్లకి కాదు, చందాలు అంతగా పోగవని చిన్న ఊళ్ల స్టేషన్లకి. శాన్ మటేయో కాలేజీ స్టేషన్ లాంటి చోట ఒక ఆలోచన పుట్టి దేశమంతా వెళ్లే దారి సన్నబడుతోంది. మన దగ్గర దూరదర్శన్, ఆకాశవాణి ఇంకా ప్రజల సొమ్ముతోనే నడుస్తున్నాయి. 2014 నుంచి ఆంధ్రప్రదేశ్‌కి సప్తగిరి చానెల్ విడిగా ఉంది. విజయవాడ ఆకాశవాణి 1948 నుంచి ఉంది. ఉన్నదాన్ని అడిగి వాడుకోవడం మన చేతిలో ఉంది.

ఏం అడగాలి? ఏం చేసుకోవాలి?

అడగాల్సింది పెద్ద కోరిక కాదు. వారానికి ఒక అరగంట. ఒక టేబుల్, ఒక ఫోన్, ఎదురుగా ఆ సేవ నడిపే అధికారి. "ఇది ఏంటి? చేసి చూపించండి. ఎంత ఫీజు? ఓటీపీ ఎవరికి చెప్పకూడదు? తప్పు జరిగితే ఎక్కడికి వెళ్లాలి?" ఒక వారం స్కాలర్‌షిప్ పోర్టల్, ఒక వారం హజ్ సువిధ యాప్, ఒక వారం లోన్ యాప్‌ల మోసం, ఒక వారం కృత్రిమ మేధతో చేసే దొంగ గొంతులు, దొంగ వీడియోలు. కృష్ణా జిల్లాలో అయితే రొయ్యల చెరువు వాడికి, పెడన కలంకారీ పనివాడికి, బందరు రోల్డ్ గోల్డ్ పనిచేసే ఇంటికి పనికొచ్చేవి కూడా. తెలుగులో చెబితే చాలు, మధ్యలో నాలుగు ఉర్దూ మాటలు కలిస్తే మన పెద్దవాళ్లకి ఇంకా హాయి.

ప్రభుత్వం చేసేదాకా ఆగక్కర్లేదు కూడా. కంప్యూటర్ క్రానికల్స్ ఒక కాలేజీలోనే పుట్టిందని మరిచిపోవద్దు. శాన్ మటేయోకి సిలికాన్ వ్యాలీ పక్కనే ఉండటం కలిసొచ్చింది, నిజమే. కానీ మనకి కావాల్సింది యంత్రాలు తయారు చేసేవాళ్లు కాదు, వాటిని ఓపిగ్గా చూపించేవాళ్లు. బందరులో కృష్ణా విశ్వవిద్యాలయం ఉంది, నోబుల్ కాలేజీ ఉంది. గుడివాడలో ఏఎన్ఆర్ కాలేజీ ఉంది. అక్కడ చదివే మన పిల్లలకి ఈ పనులన్నీ వేళ్ల మీద ఉన్న విద్య. శుక్రవారం జుమా నమాజ్ తర్వాత ఒక అరగంట మస్జిద్ కమిటీ ఒక గది తెరిస్తే చాలు. ఆడవాళ్లకి ఆడపిల్లలే చెప్పేలా విడిగా ఒక రోజు పెట్టుకోవచ్చు. మొదటి పాఠం పోర్టల్ కూడా అవసరం లేదు. ఎవరి పాస్‌వర్డ్ వాళ్లే రాసుకుని, వాళ్ల బీరువాలోనే దాచుకోవడం. రెండో పాఠం, ప్రతి దరఖాస్తులో మొబైల్ నంబర్ ఇంట్లో వాళ్లదే ఉండటం. ఈ రెండిటికీ ఖర్చు సున్నా.

పనిచేసే పిల్లలకీ ఒక మాట. నేర్పడం అంటే "ఇటివ్వండి చాచా, నేను చేసేస్తా" అని ఫోన్ లాక్కోవడం కాదు. చాచా వేలితోనే చాచా ఫోన్ మీద నొక్కించడం. అందుకు పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. చీఫెట్ జీవితమంతా చేసింది ఆ పది నిమిషాల పనే. ఆయనకి దొరికిన తెర పెద్దది, అంతే.

ఉమీద్ పోర్టల్‌లో సగంలో ఆగిన ఆస్తి మీ మొహల్లాలో ఏదైనా ఉందా అని కమిటీని ఈ వారమే అడగండి. ఉంటే ఇంక ఆగకుండా వక్ఫ్ బోర్డు సిబ్బందిని కలిసి, అది ఏ మెట్టు దగ్గర ఆగిందో రాతపూర్వకంగా తీసుకోండి.